గైనకాలజిస్ట్‌ను ఎంచుకోవడం, ఆ ఆసుపత్రిలో మీ ఇన్సూరెన్స్ పనిచేస్తుందో లేదో తేల్చుకోవడం: పూర్తి మార్గదర్శి

నెల తప్పిందని తెలిసిన వారంలోనే ఇంట్లో మొదటి ప్రశ్న వస్తుంది: ‘ఏ డాక్టర్ దగ్గర చూపించుకుందాం?’ రెండో ప్రశ్న, ‘అక్కడ ఇన్సూరెన్స్ ఉందా?’ చాలా ఇళ్లలో ఎనిమిదో నెల వరకూ రాదు. ఈ ఆలస్యమే డిశ్చార్జ్ రోజున బిల్లింగ్ కౌంటర్ దగ్గర గొడవలకు మూలం. డాక్టర్‌ను వెతకడం, పాలసీ చదవడం ఒకే వారంలో జరగాల్సిన పనులు. ఒకటి తేలకుండా రెండోది తేలదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉండేవాళ్లను, ఇక్కడికి వచ్చి కాన్పు చేయించుకోవాలనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కాన్పు గురించే ఎక్కువ చెబుతాను. గర్భసంచి ఆపరేషన్ల వంటి విషయాలు చివర్లో ఉన్నాయి.

మొదటి మెట్టు: కాన్పు ఏ ఊళ్లో?

డాక్టర్ పేరు కన్నా ముందు తేలాల్సింది ఊరు. మనవైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే చూపించుకుంటుంది. ఏడో నెలలో సీమంతం చేసి నరసరావుపేటకో, జగిత్యాలకో తీసుకెళ్తారు. అక్కడ అమ్మకు తెలిసిన డాక్టరమ్మ దగ్గర కాన్పు. ఇందులో తప్పేమీ లేదు, బాలింతకు అమ్మ చేతి సాయం కన్నా గొప్ప ఆసరా లేదు. కానీ ఇలా చేస్తే మీకు ఇద్దరు డాక్టర్లు, రెండు ఆసుపత్రులు అవుతాయి. మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో, హైదరాబాద్ ఆసుపత్రి ఉన్నా, పుట్టింటి ఊళ్లోని నర్సింగ్ హోమ్ ఉండకపోవచ్చు.

కాబట్టి మూడో నెల దాటకుండానే ఇద్దరూ కూర్చుని, పెద్దవాళ్లతో కూడా మాట్లాడి, కాన్పు ఎక్కడో నిర్ణయించుకోండి. పుట్టింట్లోనే అనుకుంటే ఐదో నెలలో బిడ్డ అవయవాలను చూడటానికి చేసే టిఫా స్కాన్ అయ్యాక ఒకసారి ఆ ఊరు వెళ్లి, అక్కడి డాక్టర్‌కు చూపించుకుని పేరు నమోదు చేయించుకోండి. నిండు నెలల్లో, పాత రిపోర్టులేవీ లేకుండా కొత్త డాక్టర్ ముందు కూర్చోవడం తల్లికీ, డాక్టర్‌కూ ఇబ్బందే. బీపీ, షుగర్, థైరాయిడ్ వంటివి ఉన్నా, ముందు కాన్పు సిజేరియన్ అయినా, కవలలు ఉన్నా ఊరు మారే ఆలోచన గురించి ఇప్పుడు చూస్తున్న డాక్టర్‌ను తప్పకుండా అడగండి. వద్దని ఆమె చెబితే ఆనవాయితీని పక్కన పెట్టి, అమ్మనే మీ ఇంటికి రప్పించుకోండి.

రెండో మెట్టు: పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

నెట్‌లో కనిపించే స్టార్ రేటింగులను నేను పెద్దగా నమ్మను. కాన్పు బాగా జరిగినవాళ్లలో రివ్యూ రాసేవాళ్లు తక్కువ, రాయమని ఆసుపత్రి అడిగితే రాసేవాళ్లు ఎక్కువ. దానికన్నా గత రెండేళ్లలో మీ వీధిలో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో కాన్పు అయినవాళ్లను అడగండి. ‘డాక్టర్ మంచిదా?’ అని అడిగితే ‘చాలా మంచిదండీ’ అనే జవాబే వస్తుంది. ‘నొప్పులు మొదలయ్యాక డాక్టర్ ఎంతసేపటికి వచ్చింది? చివరికి బిల్లు ఎంతయింది, ముందు చెప్పింది ఎంత?’ అని అడగండి. పనికొచ్చే సమాచారం అప్పుడు వస్తుంది.

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను మించిన ఆధారం లేదు. ఏ ఆసుపత్రికి పంపితే ఏమైందో వాళ్లకు కేసులవారీగా తెలుసు. మీకు ముందునుంచీ చూసే ఫ్యామిలీ డాక్టరో, పిల్లల డాక్టరో ఉంటే వాళ్లనూ అడగండి. పుట్టిన బిడ్డలను చూసేది పిల్లల డాక్టరే కాబట్టి, ఏ లేబర్ రూమ్‌లో పని జాగ్రత్తగా జరుగుతుందో ఆయనకు బాగా తెలుస్తుంది.

ఇలా మూడు నాలుగు పేర్లు చేతికొచ్చాక ఇంకో వడపోత: దూరం. అర్ధరాత్రి నొప్పులొస్తే అరగంటలో చేరగలగాలి. మియాపూర్‌లో ఉంటూ ఎల్బీ నగర్‌లో డాక్టర్‌ను పెట్టుకోవడం నెలవారీ చెకప్‌లకు కూడా భారమే. సాయంత్రం ఆరు గంటల ట్రాఫిక్‌లో ఒకసారి వెళ్లి చూడండి.

మూడో మెట్టు: డిగ్రీ, రిజిస్ట్రేషన్

ఇది పది నిమిషాల పని. బోర్డు మీద ఎంబీబీఎస్ తర్వాత ఎండీ లేదా ఎంఎస్ ఓబీజీ (కాన్పులు, స్త్రీల వైద్యం), డీఎన్‌బీ ఓబీజీ, డీజీవో వీటిలో ఒకటి ఉండాలి. డీజీవో డిప్లొమా. ఆ డిప్లొమాతో ఏళ్ల తరబడి వేల కాన్పులు చేసిన గట్టి డాక్టర్లు మన జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు, కాబట్టి డిప్లొమా అని తీసేయకండి. ఈ డిగ్రీలేవీ లేకుండా ‘స్త్రీల వైద్య నిపుణురాలు’ అని మాత్రమే రాసి ఉంటే అక్కడ ఆగిపోండి.

ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. తెలంగాణ మెడికల్ కౌన్సిల్, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్లలో, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో పేరు చూసుకోవచ్చు. ఆసుపత్రికి, నాణ్యతను చూసి ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు గానీ, గైనకాలజిస్టుల జాతీయ సమాఖ్య ఫాగ్సీ ఇచ్చే ‘మాన్యత’ సర్టిఫికెట్ గానీ ఉంటే మంచిదే. కాన్పు సమయంలో పాటించాల్సిన 16 ప్రమాణాలను చూసి ‘మాన్యత’ ఇస్తారు.

నాలుగో మెట్టు: మొదటి ఓపీ

మొదటిసారి వెళ్లినప్పుడు పరీక్షలు, స్కాన్‌ల హడావుడిలో అసలు అడగాల్సినవి మర్చిపోతాం. కాగితం మీద రాసుకుని వెళ్లండి. సిగ్గుపడాల్సిన పని లేదు, మంచి డాక్టర్లు విసుక్కోరు.

‘కాన్పు మీరే చేస్తారా, లేక ఆ సమయానికి డ్యూటీలో ఉన్నవాళ్లు చేస్తారా? మీరు ఊళ్లో లేకపోతే ఎవరు చూస్తారు?’ ఇది మొదటి ప్రశ్న. పెద్ద ఆసుపత్రుల్లో బృందంగా పనిచేస్తారు. మీరు ఎంచుకున్న డాక్టరే ఉంటుందన్న హామీ ఉండదు, కానీ ఎవరో ఒక స్పెషలిస్టు ఎప్పుడూ ఉంటారు. చిన్న నర్సింగ్ హోమ్‌లో మీ డాక్టరే ఉంటుంది, కానీ ఆమె ఒక్కతే. రెండింటికీ లాభనష్టాలున్నాయి.

రెండోది, సిజేరియన్ల మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు. తెలంగాణలో అది 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే తీసుకుంటే 81.5 శాతం. అంటే అక్కడ పదిమందిలో ఎనిమిదిమందికి ఆపరేషనే. అవసరమైనప్పుడు సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది, దాన్ని చూసి భయపడనక్కర్లేదు. కానీ ఇన్ని ఆపరేషన్లూ తప్పనిసరి అయినవని నేను నమ్మలేను. ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టించుకునే మన కుటుంబాల వాటా కూడా ఇందులో ఉంది. అందుకే డాక్టర్‌ను సూటిగా అడగండి: ‘మొదటి కాన్పుకు వచ్చినవాళ్లలో మీ దగ్గర ఎంతమందికి నార్మల్ అవుతుంది? ఏయే పరిస్థితుల్లో ఆపరేషన్ అంటారు?’ అంకె చెప్పలేకపోయినా, ఆమె వివరించే తీరులోనే మీకు చాలా అర్థమవుతుంది. రెండో కాన్పు అయి, మొదటిది సిజేరియన్ అయితే, నార్మల్‌కు ప్రయత్నించే అవకాశం మీకు ఉందో లేదో అడగండి.

ఇక ఆసుపత్రి. రాత్రి రెండింటికి ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టర్ అక్కడే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? వస్తే ఎంతసేపట్లో? రక్తం ఎక్కడినుంచి తెస్తారు? నెలలు నిండకుండా బిడ్డ పుడితే పసిబిడ్డల ఐసీయూ (ఎన్ఐసీయూ) ఆ భవనంలోనే ఉందా, లేక అంబులెన్స్‌లో వేరే ఆసుపత్రికి పంపుతారా? చిన్న ఊళ్లలో ఇవన్నీ ఒకేచోట ఉండవు. లేకపోతే ఎక్కడికి పంపుతారో, అది ఎంత దూరమో తెలిసి ఉంటే చాలు. బిడ్డ అక్కడికి వెళ్తే ఆ రెండో ఆసుపత్రిలో మీ ఇన్సూరెన్స్ ఉందా అన్నది కూడా మీ జాబితాలో చేర్చుకోండి. ఎన్ఐసీయూ బిల్లు కాన్పు బిల్లును మించిపోవడం అరుదేమీ కాదు.

లోపలున్నది ఆడా మగా అని మాత్రం అడగకండి. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం చెప్పడం నేరం, అడగడమూ నేరమే.

ఐదో మెట్టు: మీ పాలసీని చదవడం

దీనికి ఒక ఆదివారం కేటాయించండి. ముందు మీకున్న పాలసీ ఏ రకమో చూడండి.

కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ అయితే చాలావరకు మొదటి రోజునుంచే కాన్పు ఖర్చు వస్తుంది. అయితే దానికి విడిగా ఒక పరిమితి ఉంటుంది. సాధారణంగా నార్మల్‌కు 50,000, సిజేరియన్‌కు 75,000 రూపాయలు, కొన్ని కంపెనీల్లో ఇంకా ఎక్కువ. పాలసీ మొత్తం ఐదు లక్షలు అని ఉంది కదా అని ఐదు లక్షలూ కాన్పుకు వస్తాయనుకోకండి. చాలా పాలసీల్లో మొదటి రెండు కాన్పులకే వర్తిస్తుంది. నెలవారీ ఓపీ ఫీజులు, స్కాన్‌లు, రక్త పరీక్షలు విడిగా ఆ సౌకర్యం ఉంటే తప్ప రావు.

సొంతంగా కొనుక్కున్న పాలసీ అయితే జాగ్రత్త. చాలావాటిలో కాన్పు ఖర్చు అసలు ఉండదు. మినహాయింపుల జాబితాలో 18వ కోడ్ కింద ‘మెటర్నిటీ’ అని రాసి ఉంటే నార్మల్, సిజేరియన్, కాన్పులో వచ్చే చిక్కులు, వీటి ఖర్చులేవీ రావు. గర్భసంచిలో కాకుండా ట్యూబులో గర్భం నిలిచే ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీకి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు, దానికి డబ్బు వస్తుంది. చాలామందికి ఇది తెలియక క్లెయిమే వేయరు. అన్ని కంపెనీలూ అమ్మే ‘ఆరోగ్య సంజీవని’ పాలసీలో కాన్పు కవరేజీ లేదు. కవరేజీ ఉన్న పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ కొన్నాక అంతకాలం ఆగితేనే ఆ ఖర్చు వస్తుంది. కొన్నింటిలో తొమ్మిది నెలలు, కొన్నింటిలో రెండు నుంచి నాలుగేళ్లు. కడుపుతో ఉన్నాక కొనే సొంత పాలసీ ఆ కాన్పుకు పనికిరాదు. ఏజెంటు వేరేలా చెబితే, పాలసీ కాగితంలో ఆ వాక్యం ఎక్కడుందో చూపించమనండి.

కొత్తగా పెళ్లైనవాళ్లకు ఒక మాట. భార్య పేరు భర్త కంపెనీ పాలసీలో చేర్చడానికి పెళ్లి తేదీనుంచి కొద్ది రోజుల గడువే ఇస్తారు, చాలాచోట్ల 30 రోజులు. అది దాటితే రెన్యువల్ వరకూ ఆగాలి. పెళ్లి సందడిలో ఇది మర్చిపోయి, ఏడాది తిరగకుండా కాన్పు వచ్చినప్పుడు బాధపడేవాళ్లు ఎక్కువ. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ రాగానే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. అలాగే గర్భంతో ఉన్నప్పుడు ఉద్యోగం మారితే, పాత కంపెనీ పాలసీ చివరి పనిదినంతో ఆగిపోతుంది. కొత్త కంపెనీలో కాన్పు కవరేజీ ఏ రోజునుంచి మొదలవుతుందో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడగండి.

ఆరో మెట్టు: ‘ఇన్సూరెన్స్ ఉంది’ అంటే ఏమిటి?

రిసెప్షన్‌లో అడిగితే ‘అన్ని ఇన్సూరెన్స్‌లూ ఉన్నాయండీ’ అంటారు. ఆ మాటకు విలువ లేదు. ఆసుపత్రితో ఒప్పందం ఉన్నది ఇన్సూరెన్స్ కంపెనీకి. క్లెయిములు చూసేది చాలాసార్లు టీపీఏ అనే మూడో సంస్థ. ఒకే ఇన్సూరెన్స్ కంపెనీ గ్రూప్ పాలసీలకు ఒక టీపీఏను, సొంత పాలసీలకు వేరే ఏర్పాటును పెట్టుకోవచ్చు. పక్కింటావిడకు క్యాష్‌లెస్ (కంపెనీయే ఆసుపత్రికి నేరుగా బిల్లు కట్టడం) అయిందంటే మీకూ అవుతుందని కాదు.

కాబట్టి రిసెప్షన్ దాటి ఇన్సూరెన్స్ డెస్క్‌కు వెళ్లండి. మీ ఈ-కార్డు చూపించి ఇలా అడగండి:

‘మా కార్డు మీద ఉన్న కంపెనీ ఇది, టీపీఏ ఇది. ఈ పాలసీకి కాన్పుకు మీ దగ్గర క్యాష్‌లెస్ ఇస్తారా? ఈ బ్రాంచిలోనేనా? ఫలానా డాక్టర్ చేస్తే ఆవిడ ఫీజు కూడా అందులోనే వస్తుందా, విడిగా కట్టాలా? మా పాలసీ ప్రకారం నార్మల్‌కు, సిజేరియన్‌కు ప్యాకేజీ ఎంత? అందులో మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్, మందులు కలిసి ఉన్నాయా? చేరేటప్పుడు అడ్వాన్స్ ఎంత కట్టాలి, ఎప్పుడు తిరిగి ఇస్తారు?’

డాక్టర్ ఫీజు ప్రశ్న చాలా ముఖ్యం. మన నగరాల్లో చాలామంది గైనకాలజిస్టులు సాయంత్రాలు సొంత క్లినిక్‌లో ఓపీ చూస్తూ, కాన్పులు రెండు మూడు ఆసుపత్రుల్లో చేస్తారు. క్లినిక్‌కు ఇన్సూరెన్స్‌తో సంబంధం ఉండదు. ఆ మూడింటిలో ఏ ఆసుపత్రి మీ నెట్‌వర్క్‌లో ఉందో చూసి, ‘అమ్మా, నా కాన్పు అక్కడ చేస్తారా?’ అని అడగవచ్చు. తరచూ ఒప్పుకుంటారు.

తర్వాత ఇదే విషయం రెండోవైపునుంచి సరిచూసుకోండి. టీపీఏ లేదా ఇన్సూరెన్స్ కంపెనీ యాప్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితా ఉంటుంది. అది పాతబడి ఉండొచ్చు కాబట్టి కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆసుపత్రి ఒకటి, కంపెనీ ఒకటి చెబితే కంపెనీ మాటే నిలుస్తుంది. ఏడో నెలలో మళ్లీ ఒకసారి అడగండి, ఒప్పందాలు మధ్యలో ఆగిపోతుంటాయి.

నెట్‌వర్క్‌లో లేకపోయినా దారి మూసుకుపోలేదు. 2024 జనవరిలో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ తెచ్చింది. ముందే తేదీ ఖాయమైన చికిత్సకు 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలియజేస్తే నెట్‌వర్క్ బయటి ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ అడగవచ్చు. కానీ ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి, చిన్న నర్సింగ్ హోమ్‌లు వెనకాడతాయి. అది కుదరకపోతే డబ్బు కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ తీసుకోవాలి.

రీయింబర్స్‌మెంట్ అనుకుంటే రెండు విషయాలు చూడండి. ఒకటి, ఆ నర్సింగ్ హోమ్‌కు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. అది లేకపోతే పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, పెద్ద నగరంలో 15 పడకలు, రాత్రింబవళ్లూ నర్సులు వంటి షరతులన్నీ ఉన్నాయో లేదో కంపెనీ చూస్తుంది. రెండు, ప్రతి కంపెనీకీ ‘ఎక్స్‌క్లూడెడ్ ప్రొవైడర్స్’ అని డబ్బు ఇవ్వబోమని ప్రకటించిన ఆసుపత్రుల జాబితా ఉంటుంది. పుట్టింటి ఊళ్లోని ఆసుపత్రి పేరు అందులో లేదని కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఒక లెక్క

అంకెలు పెట్టి చూస్తేనే ఇది తేటపడుతుంది. సిజేరియన్ బిల్లు 1,40,000 అనుకుందాం. గది అద్దె నాలుగు రోజులకు రోజుకు 8,000 చొప్పున 32,000. డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ 70,000. మందులు, పరీక్షలు 28,000. గ్లౌజులు, డైపర్ల వంటి పాలసీలో రాని సామాన్లు 10,000. మీ పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000, సిజేరియన్ పరిమితి 75,000.

పరిమితికి మించిన గది తీసుకున్నారు కాబట్టి అద్దెలో 20,000 మాత్రమే లెక్కలోకి వస్తుంది. డాక్టర్లు, థియేటర్ ఖర్చు కూడా అదే నిష్పత్తిలో తగ్గించి 43,750 అంటారు. మందులు, పరీక్షలకు ఈ కోత ఉండదు, 28,000 పూర్తిగా వస్తుంది. మొత్తం 91,750. కానీ కాన్పు పరిమితి 75,000 కాబట్టి వచ్చేది అంతే. మిగతా 65,000 మీ జేబునుంచి.

గది అద్దె కోత ఇక్కడ మీ చేతికొచ్చే డబ్బును మార్చలేదు, పరిమితే ముందు అడ్డుపడింది. మీ కాన్పు పరిమితి లక్షన్నర, రెండు లక్షలు ఉంటే మాత్రం ఈ కోతే అసలు దెబ్బ కొడుతుంది. కాబట్టి గది ఎంచుకునేముందు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

భార్యాభర్తలిద్దరికీ కంపెనీ పాలసీలుండి, రెండింటిలోనూ భార్య పేరు ఉంటే మిగిలిన 65,000లో ఒప్పుకునే ఖర్చులను రెండో పాలసీనుంచి రీయింబర్స్‌మెంట్‌గా అడగవచ్చు. అందుకు మొదటి కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్, ఆసుపత్రి ముద్ర వేసిన బిల్లుల కాపీలు కావాలి. దీన్ని చాలామంది వాడుకోరు, హక్కుగా వచ్చే డబ్బు వదిలేస్తున్నారు.

పాలసీ లేనివాళ్లకు, ఉన్నా చాలనివాళ్లకు

ప్రభుత్వ ఆసుపత్రిని ఆఖరి దారిగా చూడకండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. హైదరాబాద్‌లో పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు, విశాఖలో ఘోషా ఆసుపత్రి, తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి క్లిష్టమైన కాన్పులకు అలవాటుపడ్డ చోట్లు. రద్దీ ఉంటుంది, ఏకాంతం తక్కువ. కానీ రాత్రిపూట స్పెషలిస్టు, మత్తు డాక్టర్ ఉంటారా అన్న ప్రశ్నకు చాలా ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ల కన్నా మంచి జవాబు అక్కడ దొరుకుతుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు డాక్టర్ చేత ఉచిత పరీక్షలు చేస్తారు. రాకపోకలకు 102 వాహనం ఉంది.

నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్ అవుతుంటే ఈఎస్ఐ ఆసుపత్రిలో కాన్పు, నిబంధనల ప్రకారం 26 వారాల ప్రసూతి భృతి వస్తాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉందని ప్రైవేటులో మామూలు కాన్పు ఉచితమని లెక్కేసుకోకండి. ఏ చికిత్స ఆ జాబితాలో ఉందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు. 104కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు.

ఎనిమిదో నెలనుంచి డిశ్చార్జ్ వరకు

సిజేరియన్ తేదీ ముందే అనుకుంటే రెండు మూడు రోజుల ముందు ఇన్సూరెన్స్ డెస్క్ చేత ప్రీ-ఆథరైజేషన్ (క్యాష్‌లెస్‌కు ముందస్తు అనుమతి కోరే ఫారం) పంపించండి. నార్మల్‌కు ఎదురుచూస్తుంటే, ఫారంలో మీ భాగం ముందే నింపి సంతకం పెట్టి ఉంచండి. ఈ-కార్డు, ఆధార్, పాన్, స్కాన్ రిపోర్టులు ఒక ఫైల్‌లో పెట్టి, అది ఎక్కడుందో భర్తకు, అమ్మకు, ఇంకొకరికి తెలిసేలా ఉంచండి. నొప్పుల సమయంలో ఆ ఫైల్ కోసం బీరువాలన్నీ వెతకడం ఎవరికీ వద్దు.

2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ రోజున ఆసుపత్రి తుది బిల్లు పంపాక మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీదే. పచ్చి బాలింతను, పసిబిడ్డను పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెడితే ఈ నిబంధన గుర్తుచేయండి. అయితే ఆసుపత్రి బిల్లు పంపిందే మధ్యాహ్నమైతే మూడు గంటలు అప్పుడే మొదలవుతాయి, కాబట్టి ఆ సమయం అడిగి రాసుకోండి.

డిశ్చార్జ్ సమ్మరీ చేతికి ఇచ్చాక అక్కడే నిలబడి చదవండి. పేరు కార్డు మీద ఉన్నట్టే ఉందా, చేరిన తేదీ సరిపోయిందా, ఇది ఎన్నో గర్భం, ఎన్నో కాన్పు, బతికున్న పిల్లలెందరు, గర్భస్రావాలేమైనా అయ్యాయా అన్న వివరం ఉందా. జీపీఎల్ఏ అని పిలిచే ఈ వివరం లేక క్లెయిములు వెనక్కి వస్తాయి. సిజేరియన్ అయితే దానికి కారణం కూడా రాసి ఉండాలి. రీయింబర్స్‌మెంట్‌కు విడివిడి పద్దుల బిల్లు, డబ్బు కట్టిన రసీదులు, ల్యాబ్ రిపోర్టులు అసలువి తీసుకోండి. పంపే గడువు పాలసీని బట్టి 15 నుంచి 30 రోజులే ఉండొచ్చు. పురిటి స్నానం అయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఈ పని ఇంట్లో ఒకరికి అప్పగించండి.

బిడ్డ విషయం అదే వారంలో తేల్చండి. గ్రూప్ పాలసీల్లో చాలావాటికి మొదటి రోజునుంచే బిడ్డకు కవరేజీ ఉంటుంది, కానీ గడువులోగా పేరు చేర్పించాలి. పేరు పెట్టకపోయినా ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరుతో చేర్చుకుంటారు, బారసాల దాకా ఆగనక్కర్లేదు. బిడ్డను ఎన్ఐసీయూలో పెడితే ఆ ఖర్చు కాన్పు పరిమితిలోనుంచి పోతుందా, పాలసీ మొత్తంనుంచి వస్తుందా అన్నది హెచ్ఆర్‌ను కాన్పుకు ముందే అడిగి ఉంచుకోండి. 75,000కూ ఐదు లక్షలకూ మధ్య తేడా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

గర్భసంచి, ఫైబ్రాయిడ్లు, పిల్లల కోసం చికిత్స

గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో మన రెండు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. ముప్ఫై ఐదేళ్లకే ‘ఇక పిల్లలు వద్దు కదా, తీసేద్దాం’ అన్న మాట వింటే నాకు బాధ కలుగుతుంది. రక్తస్రావం ఎక్కువైతే మందులు, మిరెనా వంటి లూపు, ఫైబ్రాయిడ్ (గర్భసంచిలోని గడ్డ) మాత్రమే తీసే ఆపరేషన్ వంటి దారులుండొచ్చు. క్యాన్సర్ వంటి తొందరపెట్టే కారణం లేకపోతే ఇంకో గైనకాలజిస్ట్‌కు, వీలైతే మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, చూపించుకోకుండా తేదీ తీసుకోకండి. ఉచితంగా అవుతుందని, ఇన్సూరెన్స్ వస్తుందని చేయించుకునే ఆపరేషన్ కాదది.

పాలసీ సంగతికొస్తే, గర్భసంచి తీసే ఆపరేషన్ (హిస్టరెక్టమీ), ఫైబ్రాయిడ్ల ఆపరేషన్లు సాధారణంగా రెండేళ్ల వెయిటింగ్ ఉన్న చికిత్సల జాబితాలో ఉంటాయి. గ్రూప్ పాలసీల్లో ఈ వెయిటింగ్ తరచూ ఉండదు. పిల్లలు కలగడానికి చేసే చికిత్సలు, ఐవీఎఫ్‌తో సహా, చాలా పాలసీల్లో 17వ కోడ్ మినహాయింపు కిందకు వస్తాయి. కొన్ని కంపెనీలు ఉద్యోగులకు విడిగా ఇస్తున్నాయి, అడిగి చూడండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే

ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతలో తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కకు రాదు. చాలాసార్లు ఒక కాగితం తక్కువై ‘క్వెరీ’ వేస్తారు, దాన్ని మనవాళ్లు తిరస్కరణ అనుకుని వదిలేస్తారు. అది పంపిస్తే పని అయిపోతుంది. నిజంగా తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టండి. ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లో, లేదా 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా వివాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ, యానాం దాని పరిధిలోకి వస్తాయి. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకూ వివాదాలు వింటారు.